ముసలి పిల్లికి కీళ్ళ నొప్పులా? మన మాత్రలు మాత్రం వెయ్యొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో పెంపుడు జంతువుల గురించి ఎప్పుడు రాసినా కుక్కల గురించే రాస్తారండీ, రేబిస్ టీకా, ఎండాకాలం జాగ్రత్తలు, ఏ జాతి కుక్కపిల్ల ఎంత రేటు, ఇవన్నీ వస్తాయి గానీ పిల్లి ఊసే ఉండదు, ఉంటే గింటే ఎదురొస్తే శకునమా కాదా అనే ముచ్చటే. నెల్లూరులో పిల్లి లేని వీధి ఒక్కటి చూపించండి నాకు. చేపలు తినే ఊరు మనది, మైపాడు నుంచి చేపల బుట్ట వీధిలో దిగిందంటే మనుషుల కంటే ముందు అవే వచ్చి వరసగా కూర్చుంటాయి. వీధిలో తిరిగేవాటి సంగతి వేరు, ఇళ్ళల్లో పెంచుకునేవి ఇప్పుడు టీకాలు వేయించి ఆపరేషన్ చేయించి లోపలే పెట్టుకుంటున్నాం కాబట్టి 12 ఏళ్ళు, 14 ఏళ్ళు బతుకుతున్నాయి. బతికితే మరి ముసలితనం వస్తుంది, దాంతోపాటు కీళ్ళ నొప్పులూ వస్తాయి. దీని గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకైతే కనపళ్ళా, అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది పారాసెట్మాల్ గురించి. జరమొచ్చినా ఒళ్ళు నొప్పులొచ్చినా మనం మంచినీళ్ళ మాదిరి మింగే ఆ మాత్ర పిల్లికి విషం. మన లివర్లో ఆ మందుని విరిచి బయటికి పంపే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, పిల్లి జాతికి అది సరిగ్గా పనిచెయ్యదు, దాంతో మందు ఒంట్లోనే విషంగా మారి రక్తంలో హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది, రక్తం ఉంటుంది గానీ ఆక్సిజన్ మోయలేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. సగమైతే ఏం కాదు, పావైతే ఏం కాదు అనే లెక్కలు దీని దగ్గర నడవవు.

మా వీధి చివర ఒకళ్ళింట్లో జరిగింది ఇది. ముసలి పిల్లి కుంటుతోందని మందుల షాపులో అడిగితే, చిన్నపిల్లల సిరప్ పొయ్యండి ఏం కాదు అన్నాడంట, పాపం వాళ్ళు ప్రేమగా పాలల్లో కలిపి పోశారు. సాయంత్రానికి మొహం వాచింది, ముందు కాళ్ళు వాచాయి, నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు చింతపండు రసం రంగుకి తిరిగాయి, ఎగశ్వాస. అది పోయింది. వాళ్ళని ఏమనగలం, జ్వరం వస్తే బిడ్డకి పోసే మందే గదా పోసింది. దానికి విరుగుడు ఉంది, ఎసిటైల్ సిస్టీన్ అని మనుషుల ఆసుపత్రుల్లో కూడా వాడే మందే, కాకపోతే గంటల్లో ఎక్కించాలి, రేపు చూద్దాంలే అంటే కుదరదు. ఎవరి పిల్లి అయినా పొరపాటున మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ మాత్ర స్ట్రిప్పు చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. ఆస్పిరిన్ పిల్లి ఒంట్లోంచి బయటికి పోవడానికి రోజులు పడుతుంది, డాక్టర్ చెప్పకుండా దాని జోలికి పోవద్దు. ఇంకోటి, మోకాళ్ళకి మనం రాసుకునే బామ్‌లు, ఘాటు నూనెలు. మా అత్తమ్మ ప్రేమ కొద్దీ తన బామ్ తీసి పిల్లి తుంటికి రాయబోయింది, చెయ్యి పట్టుకుని ఆపా. పిల్లి ఒంటికి ఏది రాసినా అది కాసేపట్లో నాకి కడుపులోకి పంపిస్తుంది, ఆ బామ్‌ల్లో ఉండే కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె ఏదీ దానికి పడదు.

ఇంక అసలు నొప్పి ఉందని ఎట్టా తెలుస్తుంది అంటే, కుక్క మాదిరి కుయ్యోమొర్రో అనదు, చాలాసార్లు కుంటను కూడా కుంటదు, ఎందుకంటే నొప్పి రెండు వైపులా సమానంగా ఉంటే దేన్ని ఎత్తి దేన్ని దించుతుంది. పైగా పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. అమెరికాలో 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే అందులో 90 పిల్లులకి కీళ్ళ అరుగుదల కనపడింది. అన్నిటికీ అంతే నొప్పి ఉంటుందని కాదు, ఎక్స్‌రేలో ఉండేదీ పిల్లి పడే బాధా ఒకటి కాకపోవచ్చు. కానీ ముసలి పిల్లుల్లో ఇది అరుదైన జబ్బు మాత్రం కాదు, మామూలుగా ఉండేదే.

మా పిల్లి గౌరికి 14 ఏళ్ళు, మనిషి లెక్కలో 70 దాటినట్టు. ఒకప్పుడు ఫ్రిజ్ మీద నుంచి ఒక్క దూకుకి అటక ఎక్కేది. తర్వాత తర్వాత ముందు స్టూలు, స్టూలు మీద నుంచి ఫ్రిజ్, అక్కడ ఆగి పైకి చూసి, వెనకాల కాళ్ళు సర్దుకుని, మళ్ళీ చూసి, చివరికి ఎక్కకుండా అక్కడే పడుకునేది. ఎక్కడం కంటే దిగడం కష్టం దానికి, పిట్టగోడ మీద నుంచి దూకే ముందు ముందుకాళ్ళతో గోడ మీదే కిందికి పాక్కుంటూ వీలైనంత దూరం జారి అప్పుడు వదిలేది, మోచేతి కీళ్ళ మీద బరువు పడకుండా దాని తిప్పలు అవి. నడుము మీద వెంట్రుకలు జడలు కట్టాయి, ఎందుకంటే వెనక్కి తిరిగి నాక్కోలేదు. గోళ్ళు పెరిగిపోయి టైల్స్ మీద నడుస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు, ఒక గోరైతే మెలి తిరిగి మెత్తటి పాదంలోకి దిగబోతోంది. నడుము మీద చెయ్యేస్తే మా పాప మీద కూడా బుస్సుమంది, అది ఎప్పుడూ చెయ్యని పని. మలమూత్రాలకి పెట్టిన ఇసుక టబ్బు పక్కన బయట పాడుచెయ్యడం మొదలుపెట్టాక ఇంట్లో అందరికీ కోపాలు, పొగరెక్కింది దీనికి అని.

పొగరు కాదు, టబ్బు అంచు ఎత్తు. లోపలికి కాలెత్తి పెట్టలేక పక్కన పోస్తోంది. ఇదొక్కటీ తెలియక ముసలి పిల్లుల్ని తీసుకెళ్ళి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వచ్చేవాళ్ళు ఉన్నారండీ మన ఊర్లో, వాళ్ళకి చెప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నా.

మా అత్తమ్మ మాట ఏందంటే "దానికేముండాది, ముసల్దైంది, నా మాదిరే". ఆ మాట సగమే కరెక్టు. అత్తమ్మకి మోకాళ్ళు నొప్పంటే పొగతోటలో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఫిజియోథెరపీ చేయించాం, బాత్రూమ్‌లో పట్టుకోడానికి రాడ్ పెట్టించాం, వయసైంది ఊరుకోమ్మా అన్లేదు గదా. అరిగిన కీలు మళ్ళీ కొత్తది కాదు, ఆవిడకీ కాదు పిల్లికీ కాదు, కానీ నొప్పి తగ్గించొచ్చు.

డాక్టర్ దగ్గరికి పోయేముందు ఫోన్లో వీడియోలు తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో పిల్లి భయంతో బిగుసుకుపోతుంది, నడవమంటే నడవదు, దూకమంటే దూకదు, డాక్టర్ గారు చూసేది ఒక ముద్దగా కూర్చున్న జంతువుని. ఇంట్లో మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, టబ్బులోకి పోయేటప్పుడు, పడుకుని లేచిన వెంటనే నడిచేటప్పుడు తీసిన వీడియో ఉంటే ఆయన పని సగం అయిపోతుంది. మేం పోయింది ప్రైవేట్ క్లినిక్‌కి, ఆయన వీడియో రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి, తర్వాత వేళ్ళతో ఒక్కో కీలు మెల్లగా మడిచి చూసి, ముందు రక్తపరీక్ష అన్నారు. ఎందుకంటే ముసలి పిల్లుల్లో కీళ్ళ జబ్బూ కిడ్నీ జబ్బూ రెండూ కలిసే ఉండటం మామూలు, నొప్పి మందులు పడేది కిడ్నీ మీదే. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎట్టా పనిచేస్తోందో చెప్పేది) చూడకుండా, మూత్రం చూడకుండా నొప్పి మందు రాసే డాక్టర్ ఉంటే, నేనైతే ఇంకో డాక్టర్ని వెతుక్కుంటా.

పిల్లులకి ఈ నొప్పికి ఎక్కువగా వాడేది మెలాక్సికామ్. ఇందులో దేశానికో రూలు ఉంది. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో తక్కువ డోసులో రోజూ చాలాకాలం ఇవ్వడానికి పర్మిషన్ ఉంది, అమెరికాలో మాత్రం పిల్లికి ఒక్క ఇంజెక్షన్‌కే పర్మిషన్, మళ్ళీ మళ్ళీ ఇస్తే కిడ్నీలు పోయి చావొచ్చని పెట్టె మీద పెద్ద హెచ్చరిక ఉంటుంది. మందు ఒక్కటే, తేడా అంతా డోసు దగ్గర. యూరప్ లెక్కలో రోజుకి కిలోకి 0.05 మిల్లీగ్రాములు, అంటే 4 కిలోల పిల్లికి 0.2 మిల్లీగ్రాములు. మన మందుల షాపులో మనుషులకి దొరికే మెలాక్సికామ్ మాత్ర 7.5 మిల్లీగ్రాములు. లెక్కేసుకోండి, ఆ ఒక్క మాత్ర పిల్లి రోజు డోసుకి 37 రెట్లు పైనే. దాన్ని కత్తితో ముక్కలు చేసి సరిపెడదాం అనుకుంటే అయ్యే పని కాదు. కుక్కల కోసం చేసిన సిరప్‌లో మిల్లీలీటరుకి 1.5 మిల్లీగ్రాములు ఉంటే పిల్లుల సిరప్‌లో 0.5, రెండు సీసాలూ చూడ్డానికి ఒకే రకంగా ఉంటాయి కాబట్టి అది చదివి తీసుకోండి. తిండి తిన్నాకే ఇవ్వాలి, నీళ్ళు బాగా తాగేటట్టు చూడాలి, తిండి మానేసినా వాంతులైనా మందు ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ మెలాక్సికామ్ రాబందుల్ని కాపాడే మందుగా కూడా పేరు తెచ్చుకుంది. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోతే 2006లో మన ప్రభుత్వం పశువులకి ఆ మందు నిషేధించింది, 2023లో కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ కూడా నిషేధించింది, వాటి బదులు వాడమని చెప్పేది దీన్నే.

కిడ్నీలు బాగాలేని పిల్లికి గాబాపెంటిన్ అనే ఇంకో నొప్పి మందు వాడతారు, డోసు తగ్గించి. మొదట్లో కొంచెం మత్తుగా తూలినట్టు ఉంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేముందు ఒక డోసు ఇవ్వమని కూడా చెప్తారు కొంతమంది డాక్టర్లు, ఆటోలో ఊరంతా వినపడేట్టు అరవకుండా ఉంటుంది. కొత్తది ఇంకోటి వచ్చింది, సోలెన్సియా అని నెలకొకసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్, నొప్పి కబురు మోసే ఒక ప్రోటీన్‌ని పట్టేసుకుంటుంది. 2021లో యూరప్‌లో, 2022 జనవరిలో అమెరికాలో పర్మిషన్ వచ్చింది. నేను అడిగిన దగ్గర మాత్రం దొరకదన్నారు. గ్లూకోజమైన్ పొడులు బాగా అమ్ముతారు, పిల్లుల్లో అవి నొప్పి తగ్గిస్తాయని గట్టి రుజువు లేదు, ఆ డబ్బు రక్తపరీక్షకి పెట్టుకోండి నన్నడిగితే.

తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. బరువున్న పిల్లి బరువు తగ్గితే కీళ్ళకి అంతకు మించిన మందు లేదు. అట్టని ఉపవాసం పెట్టకండి, లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి తినకపోతే కొవ్వంతా లివర్‌కి చేరి ప్రాణం మీదికొస్తుంది, మెల్లగా నెలల మీద తగ్గించాలి. పెరుగన్నం, పాలన్నం పెట్టి పెట్టి లావు చేసేది మనమే. ఇంక మన దగ్గర ఇంకో అలవాటు, చికెన్ షాపులో కార్జం తక్కువ రేటుకి వస్తుంది, పిల్లి కూడా ఎగబడి తింటుంది అని రోజూ అదే పెడతారు. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ, నెలలూ ఏళ్ళూ అదే ముఖ్యమైన తిండి అయితే మెడ ఎముకలు అదనంగా పెరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పిల్లి మెడ తిప్పలేదు, వంగి గిన్నెలో తినలేదు. అది వయసు నొప్పి కాదు, మనం పెట్టిన తిండితో తెచ్చిన నొప్పి. ఎప్పుడన్నా ఒక ముక్క అయితే ఏం కాదు. చేపనూనెలో ఒమేగా 3 కొంత మంచి చేస్తుంది, కానీ కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ వద్దు, అందులోనూ అదే విటమిన్ ఎ. చేపల పులుసులో ముక్క కడిగి పెడతాం అంటారు, ఉల్లిపాయ వెల్లుల్లి పిల్లి రక్తానికి చెడ్డవి, కడిగితే పోవు, ముక్కని విడిగా ఉప్పూ కారం లేకుండా ఉడకేసి పెట్టండి, ముళ్ళు తీసి.

ఇంట్లో చేసిన మార్పులకి మాకు ఖర్చు అయ్యింది దాదాపు ఏమీ లేదు. ఇసుక టబ్బు ముందు వైపు కత్తి వేడి చేసి బెత్తెడు కిందికి కోసేశా, అంచు గుచ్చుకోకుండా ప్లాస్టర్ అంటించా, ఆ రోజు నుంచి బయట పాడుచెయ్యడం ఆగిపోయింది. మిద్దె మీద ఒకటి కింద ఒకటి పెట్టా, దానికోసం మెట్లు దిగాల్సిన పని లేకుండా. ఇసుక సన్నటిది వెయ్యాలి, కంకర ఉంటే నొప్పి పాదాలతో తవ్వలేదు. అన్నం గిన్నె పీట మీద పెట్టా, వంగే పని తగ్గింది. కిటికీ దగ్గరికి ఎక్కడానికి మెట్టు కావాలిగా, మీ పేపర్లే ఏడాదివి కట్టలు కట్టి పైన గోతాం కుట్టి పెట్టా, పాత పేపర్ల వాడు వస్తే మా ఇంటికి రావద్దని చెప్పేశా. టైల్స్ మీద జారకుండా నడిచే దారిలో పాత కాటన్ దుప్పట్లు మడిచి పరిచా. ఇప్పుడు అందరిళ్ళల్లో గ్రానైట్, నున్నటి టైల్స్, మనుషులే జారి పడుతున్నారు. డిసెంబర్, జనవరిలో చలికి కీళ్ళు బిగుసుకుంటాయి, మా గౌరి అయితే ఇన్వర్టర్ మీదెక్కి పడుకునేది వెచ్చగా ఉంటుందని, అక్కడికి ఎక్కలేక ఇబ్బంది పడుతుంటే గట్టి అట్టపెట్టెలో ఉన్ని శాలువా వేసి గాలి తగలని మూలలో పెట్టా. రోహిణి కార్తెలో మాత్రం ఆ శాలువా తీసెయ్యాలి. గోళ్ళు రెండు మూడు వారాలకొకసారి చివర మాత్రమే కత్తిరించాలి, లోపల గులాబీ రంగు గీత వరకూ పోకూడదు. వెంట్రుకలు మెత్తటి దువ్వెనతో మనమే దువ్వాలి, నడుము దగ్గర నొక్కకుండా.

మందు మొదలుపెట్టాక కొన్నాళ్ళకి గౌరి స్టూలు మీద నుంచి ఫ్రిజ్ ఎక్కడం మళ్ళీ మొదలుపెట్టింది. అటక మాత్రం ఎక్కట్లా, ఎక్కకపోతే మాకే మంచిది, అక్కడ పచ్చడి జాడీలు ఉన్నాయి.

ఇప్పుడు జిల్లా సంగతి. పశువుల విషయంలో మనకి చిన్న పేరు కాదండీ ఉండేది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడకముందు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే, ఆ ఒంగోలు గిత్తల సంతతికి బ్రెజిల్ వాళ్ళు పెట్టుకున్న పేరు నెలోర్, మన ఊరి పేరే, అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి. గొర్రెల్లో నెల్లూరు జాతి దేశంలోనే ఎత్తయిన జాతి. మరి ఇక్కడ పశువుల డాక్టర్లకి గేదె, గొర్రె, కోడె ఎట్టా చూడాలో ఒకళ్ళు చెప్పక్కర్లా. ప్రభుత్వ పశువైద్యశాలలు పాడి రైతుల కోసం పుట్టినవి, 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ బండ్లూ ముందు వాళ్ళ కోసమే, అందులో తప్పేం లేదు, గేదె పోతే ఆ ఇల్లు గడవదు. కానీ ఊరు పెరిగింది, అపార్ట్‌మెంట్లు పెరిగాయి, పిల్లుల్ని పెంచుకునే ముసలోళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు పెరిగారు. ఒక ఆసుపత్రిలో మాకు ఎదురైంది చెప్తా, పేరెందుకులెండి, బల్ల మీద గౌరిని పెడితే అక్కడ ఉన్నాయన "దీనికి ఇంకెందుకమ్మా మందులు, వదిలెయ్యండి" అని కనీసం చెయ్యి కూడా వెయ్యలా. పక్కనే మేక కట్టేసి ఉంటే, కుక్క మొరుగుతుంటే పిల్లి పరిస్థితి ఏందో ఆలోచించండి. మంచిగా చూపించుకోవాలంటే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికో, చెన్నైలో వేపేరి వెటర్నరీ కాలేజీకో పోవాలి. కీళ్ళ నొప్పి ఉన్న ముసలి పిల్లిని బుట్టలో పెట్టుకుని బస్సులో మూడు నాలుగు గంటలు, మీరే చెప్పండి.

అందుకని పశుసంవర్ధక శాఖ వాళ్ళని అడిగేది పెద్దదేం కాదు. నెల్లూరులో, ఒంగోలులో పెద్ద పశువైద్యశాలల్లో వారంలో ఒక్క పూట పిల్లులకీ చిన్న జంతువులకీ విడిగా పెట్టండి, ఆ పూట కుక్కలు, మేకలు పక్కన లేకుండా. పిల్లుల డోసులో మెలాక్సికామ్ సిరప్ ఉంచండి, రక్తపరీక్ష అక్కడే చేసే ఏర్పాటు చెయ్యండి, ఫీజు పెట్టినా కడతాం. మందుల షాపుల సంఘం వాళ్ళు కూడా ఒక మాట షాపుల్లో కుర్రాళ్ళకి చెప్పాలి, పిల్లికి అని ఎవరన్నా అడిగితే ఏ నొప్పి మాత్రా ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి పొమ్మనమని. కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటించినా చాలు. మీ ఆదివారం పేజీలో ఒక పశువైద్యుల చేత ముసలి పిల్లుల గురించి అర పేజీ రాయించండి, కిడ్నీ గురించి, పళ్ళ గురించి కూడా చాలామందికి సందేహాలు ఉన్నాయి, మా వీధి నుంచే ప్రశ్నలు పంపిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు.